బోనెట్ అడిగిన ఆదివారం

నాకు అనుమానం ఎక్కువ. ఇంకొకరు చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను. గ్యాస్ బండ వస్తే కొట్టులోంచి కాటా తెప్పించి తూచిగానీ ఇంట్లో పెట్టనివ్వను. బంకులో డీజిల్ కొట్టించేటప్పుడు మీటరు సున్నా చూపిస్తే చాలదు, కొట్టేవాడి చేతి వంకే చూస్తూ నిలబడతాను. మా ఆవిడ స్కూల్లో టీచరు. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇలాగే చూశారు, ఎక్కడ మార్కులు కొయ్యాలా అని" అంటుంది.

ఇందులో నా తప్పు సగమే. జగ్గయ్యపేటలో ఇరవై ఏళ్ళుగా ఎరువులు, పురుగుమందులు అమ్ముతున్నాను. నకిలీ విత్తనం ఒక్క బస్తా వచ్చి పడిందంటే రైతు నా గల్లా ముందుకొచ్చి కూర్చుంటాడు. ప్రతి డబ్బానీ తిప్పి చూడాలి, ప్రతి సీలునీ గోటితో గీకి చూడాలి. అలా చూసీ చూసీ నా కళ్ళకి మనుషులు కూడా సీలు ఉన్నవాళ్ళు, సీలు లేనివాళ్ళుగానే కనిపించడం మొదలైంది. కొట్టులో అది నన్ను కాపాడింది, కాదనను. కారు విషయంలో మాత్రం ఇంకొకడి పొట్ట కొట్టింది.

నా కారు బూడిదరంగు డీజిల్ కారు, చిన్నది, తొమ్మిదేళ్ళ పాతది. పేట సెంటర్లో నిలబడితే అలాంటివి పది పోతాయి. కానీ లోపల అది వేరే కారు. గాలి పీల్చే ఫిల్టరు మార్చాను, పొగ వదిలే గొట్టం మార్చాను. అన్నిటికంటే ముఖ్యం, దాని కంప్యూటర్లో ఫైలు మార్పించాను. ఈ కాలం కారుల్లో ఎంత గాలికి ఎంత డీజిల్ పొయ్యాలో ఒక ఫైల్లో రాసి ఉంటుంది. కంపెనీవాడు భయపడుతూ రాసినదాన్ని చెరిపేసి కాస్త ధైర్యంగా రాయడమే ట్యూనింగ్ అంటే. ఆ ధైర్యం ఎక్కడ ఆపాలో తెలిసినవాడు కావాలి, లేదంటే ఇంజను రోడ్డు మీదే కూర్చుంటుంది.

ఆదివారాలు కార్ల పందేలు వేసుకునే మాకు అలాంటివాడు నందిగామలో దొరికాడు. నాకంటే పదేళ్ళు చిన్న. రేకుల షెడ్డు, ముందు రెండు ట్రాక్టర్లు, లోపల ఒక ల్యాప్‌టాప్. పగలంతా ట్రాక్టర్ల కింద దూరి గ్రీజు పూసుకుని, సాయంత్రం చేతులు కడుక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. ఎవరూ నేర్పలేదు, తనే నేర్చుకున్నాడు. ట్రాక్టర్లు వదిలేసి పూర్తిగా కార్ల మీదే బతకాలని అతని కోరిక. మా కార్ల పేరు నలుగురి నోళ్ళలో పడ్డాక ఖమ్మం నుంచి ఒకటీ రెండూ, విజయవాడ నుంచి ఒకటీ రెండూ రావడం మొదలైంది. షెడ్డుకి కొత్త బోర్డు కూడా రాయించుకున్నాడు. ఇంకో ఏడాది ఇలాగే నడిస్తే ట్రాక్టర్లకి దణ్ణం పెట్టేస్తానన్నా అనేవాడు నాతో.

నా ఫైలు చెయ్యడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం నేను నడిపేవాణ్ణి, అతను పక్కసీట్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. నందిగామ నుంచి పరిటాల దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. ప్రతిసారీ ఏదో రాసుకునేవాడు. "అన్నా, రెండో గేరులో ఇంకాస్త ఆగు. నీకు తొందరెక్కువ" అనేవాడు. దార్లో కంచికచర్లలో ఆగి ఇడ్లీ తినేవాళ్ళం. బిల్లు నన్ను ఒక్కసారి కూడా ఇవ్వనివ్వలేదు. సొంత తమ్ముడు కూడా అంత ఓపిగ్గా నా పక్కన కూర్చోలేదు, నిజం చెబుతున్నాను.

పందెం ఎక్కడంటే, కంచికచర్ల దాటాక హైవే నుంచి కాస్త లోపలికి ఒక ఇళ్ళస్థలాల వెంచరు ఉంది. రాజధాని వస్తోందని భూముల రేట్లు ఆకాశానికి ఎగిరిన రోజుల్లో వేసింది. పెద్ద ఆర్చి, నలభై అడుగుల తారురోడ్డు, రెండు వైపులా హద్దురాళ్ళు, అంతే. ఒక్క ఇల్లు లేదు. ఆర్చి దగ్గర మొదలుపెడితే నీళ్ళ ట్యాంకు దాకా తిన్నగా ఉంటుంది. అక్కడ నిలబడితే దూరంగా పరిటాల ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం భుజం దాకా కనిపిస్తుంది. ఆదివారం పొద్దున ఆరున్నరకి పది పన్నెండు కార్లు చేరేవి. ఎనిమిదికల్లా అయిపోయేది, ఎవరి వ్యాపారానికి వాళ్ళు పోయేవాళ్ళం. చేసింది మంచిపనేమీ కాదు. ఒక గేదె అడ్డమొచ్చినా మా పిల్లలు అనాథలయ్యేవాళ్ళు. ఆ వయసులో అదేం బుద్ధో మరి.

మాలో రెండు జట్లు. పేట వాళ్ళం ఒకటి, నందిగామ వాళ్ళు ఒకటి. ట్యూనింగు మాత్రం రెండు జట్లలో చాలామంది అదే షెడ్డులో చేయించుకునేవాళ్ళు. నందిగామ జట్టులో అందరికంటే ముందుండేవాడు ఒక లెక్కల లెక్చరరు. నాదే మోడలు, అదే సంవత్సరం, తెల్లరంగు. అతని ఫైలు ఒక్కటే హైదరాబాదులో చేయించింది. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, గెలిచినా ఓడినా ఒకటే నవ్వు. నాకు ఆ నవ్వు పడేది కాదు. లోపల ఏదీ లేనివాడు అంత తీరిగ్గా నవ్వడని నా లెక్క.

మా పందేలకి రెండు పద్ధతులుండేవి. ఒకటి, పందేనికి ముందు రెండు కార్లూ హైవే పక్క వేబ్రిడ్జి ఎక్కాలి. సిమెంటు లారీలు తూగే కాటా మీద ఈ చిన్న కార్లు తూస్తుంటే అక్కడివాడు నవ్వాపుకోలేకపోయేవాడు. సీట్లు పీకేసి, స్టెప్నీ ఇంట్లో పెట్టి వచ్చేవాళ్ళుంటారని ఆ పద్ధతి. రెండోది బోనెట్ అడగడం. ఓడినవాడికి అవతలివాడి మీద అనుమానం వస్తే బోనెట్ ఎత్తి చూపించమని అడగొచ్చు. కానీ అడిగినవాడు ముందు తన బోనెట్ ఎత్తాలి. అవతలివాడు చేతులు వెనక్కి కట్టుకుని, ఏదీ ముట్టుకోకుండా, ఎంతసేపైనా చూడొచ్చు. ఆ తర్వాతే ఇతను చూడాలి. ఎవడి గుట్టు వాడికి ముద్దు కాబట్టి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

లెక్చరరు మీద నేను వరసగా మూడు ఆదివారాలు గెలిచాను. ఒక కారు పొడవు తేడాతో. మూడోసారి అతను నా దగ్గరికి వచ్చి "మీ ఫైలు చాలా బాగుందండీ" అన్నాడు. మీ కారు బాగుందనలేదు, మీ డ్రైవింగు బాగుందనలేదు. ఫైలు అన్నాడు. ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

తర్వాతి మంగళవారం పనిమీద నందిగామ వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి షెడ్డు ముందు నుంచి పోతుంటే తెల్ల కారు కనిపించింది. లెక్చరరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా మెకానిక్ పక్కనే స్టూలు మీద, ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ఇద్దరూ దానిలోకే చూస్తున్నారు. ఆగలేదు. కాస్త దూరం పోయి, తిరిగి వెనక్కి వచ్చి మళ్ళీ చూశాను. ఇంకా చూస్తూనే ఉన్నారు.

సాయంత్రం ఫోన్ చేశాను. మామూలుగా మాట్లాడుతున్నట్టు, "ఏంటి, ఇవాళ ఎవరైనా వచ్చారా?" అన్నాను.

"ఎవరూ రాలేదన్నా. పొద్దుట్నించీ ట్రాక్టరు పనే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. వాడు వస్తే వచ్చాడని చెప్పొచ్చుగా. రాలేదని ఎందుకు చెప్పాలి? అబద్ధం ఊరికే ఎందుకు ఆడతాడు మనిషి? నాలుగు నెలల నా ఆదివారాలు అటు వెళ్ళిపోయాయని నాకు ఖాయమైపోయింది. అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమైందంటే చెప్పాను. "కుర్చీలో కూర్చున్నంత మాత్రాన దొంగ అయిపోతాడా?" అంది. "అబద్ధమెందుకు చెప్పాడు మరి?" అన్నాను. "మీకు నిజం చెప్పాలంటే నాకే భయం, ఆయనకుండదా?" అంది. ఒళ్ళు మండి లేచి డాబా ఎక్కాను.

ఆ రోజు నుంచి కారుని షెడ్డుకి తీసుకెళ్ళలేదు. రెండు నెలలకోసారి ఫిల్టరు కడిగి నూనె పట్టించాలి. ఎప్పుడూ అతనే చేసేవాడు. ఈసారి నేనే చేద్దామని సామాను తెప్పించుకున్నాను. నూలు ఫిల్టరు అది, సన్నగా నూనె పడితే దుమ్ముని పట్టుకుంటుంది. అతను ఎంత పట్టించేవాడో ఎప్పుడూ సరిగా చూడలేదు. తక్కువైతే దుమ్ము లోపలికి పోతుందని భయం. డాబా మీద కూర్చుని, ఆవకాయకి పోసినట్టు, ఎర్రటి నూనె ధారాళంగా పోశాను. మడత మడతకీ పోశాను. కారు మీద ప్రేమ మరి. ఆరీ ఆరకుండానే బిగించేశాను.

ఆ ఆదివారం లెక్చరరు నన్ను రెండు కార్ల పొడవు వెనక్కి నెట్టాడు. వేబ్రిడ్జి చీటీలు చూస్తే ఇద్దరి బరువులూ దాదాపు ఒకటే. అంటే బరువు కాదు. మూడో గేరులో నా కారు మునుపటిలా లాగలేదనిపించింది, కానీ ఆ సంగతి ఆలోచించే తీరిక నాకెక్కడిది? నా ఫైలు పెట్టుకుని నన్నే కొట్టాడన్న మంట ఒక్కటే. ట్యాంకు దగ్గర మెకానిక్ నిలబడి ఉన్నాడు. నా వంక ఏదో చెప్పబోతున్నట్టు రెండడుగులు వేశాడు. నేను అద్దం ఎక్కించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఫోన్‌లో మా రెండు జట్ల గ్రూపు తెరిచాను. ఏం రాశానో ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "నందిగామ షెడ్డులో మన ఫైళ్ళు మన దగ్గరే ఉండట్లేదు. ఎవరి జాగ్రత్తలో వాళ్ళుండండి." పేరు రాయలేదు. పేరు రాయకపోవడం పెద్దమనిషితనమని కూడా అనుకున్నాను, చూశారా! నందిగామలో ఆ పనికి ఉన్నది ఒకటే షెడ్డు.

నిమిషాల్లో మెసేజీలు. "నాకూ ఎప్పట్నించో డౌటే" అని ఒకడు. "అందుకేనా వాళ్ళ కార్లు ఉన్నట్టుండి లేచాయి" అని ఇంకొకడు. నిన్నటి దాకా ఆ షెడ్డులో టీలు తాగినవాళ్ళే. రెండు రోజుల్లో ఒక్కొక్కళ్ళే వెళ్ళి, దగ్గర నిలబడి తమ ఫైళ్ళు చెరిపించుకుని వచ్చారని తెలిసింది. ఖమ్మం కారు ఒకటి పని సగంలో ఉండగానే వచ్చి తీసుకుపోయారట. విని నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. అయినా మంచి పనే జరిగిందని సర్దిచెప్పుకున్నాను.

గురువారం పొద్దున్నే అతను బండి మీద పేట వచ్చాడు. నేను కొట్టుకి బయల్దేరుతున్నాను. అతని చేతిలో ఒక స్ప్రే డబ్బా ఉంది. గేటు బయటే నిలబడ్డాడు.

"అన్నా, ఆదివారం నీ కారు సౌండ్ విన్నా. తేడాగా ఉంది. ఒక్కసారి బోనెట్ ఎత్తు, పది నిమిషాల పని" అన్నాడు.

గ్రూపులో రాసినదాని గురించి ఒక్క మాట లేదు. అదే నాకు మరీ అనుమానం తెప్పించింది. తప్పు చెయ్యనివాడైతే ముందు నా చొక్కా పట్టుకోవాలి కదా?

"ఎందుకు? ఇంకేమన్నా మిగిలుందా పట్టుకుపోటానికి?" అన్నాను.

అతని ముఖం మాడిపోయింది. "నేనెవరికీ ఇవ్వలేదన్నా" అన్నాడు.

"మరి పోయినవారం మంగళవారం షెడ్డుకి ఎవరూ రాలేదని ఎందుకు చెప్పావ్? నేను కళ్ళారా చూశా. రెండుసార్లు చూశా."

నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడ కాఫీ తెచ్చింది. నిలబడే తాగాడు. గ్లాసు ఆవిడ చేతికిచ్చి, "వస్తానక్కా" అని ఆవిడకి చెప్పి వెళ్ళిపోయాడు. నాకు చెప్పలేదు.

"దొంగతనానికి వచ్చేవాడు డబ్బా పట్టుకొస్తాడా అండీ?" అంది మా ఆవిడ.

"ఆ డబ్బాలో ఏముందో నీకేం తెలుసు?" అన్నాను.

అప్పటికి నేను ఏ స్థితికి వచ్చానంటే, కారు ఎవరైనా తెరుస్తున్నారేమో తెలుసుకోవడానికి బోనెట్ సందులో ఒక వెంట్రుక అంటించాలనుకున్నాను. నా జుట్టు పొట్టి. మా ఆవిణ్ణి ఒకటి అడిగాను. "ఒకటేం ఖర్మ, జడంతా కత్తిరించుకోండి, నలుగురికీ చూపిద్దాం" అంది. అయినా ఇచ్చింది. రోజూ పొద్దున లేవగానే వెళ్ళి ఆ వెంట్రుక చూసుకునేవాణ్ణి. ఒక రోజు కూడా కదల్లేదు.

రెండు వారాల తర్వాత మళ్ళీ పందెం పెట్టుకున్నాం. ఈసారి మూడు కార్ల పొడవు ఓడాను. ట్యాంకు దగ్గర దిగి, కోపంతో తలుపు దడాలున వేశాను. మెకానిక్ ఆ రోజు రాలేదు. ఆ మెసేజీ తర్వాత అతను వెంచరు వైపే రావడం మానేశాడు. నాకు అదీ ఒక సాక్ష్యంలాగే కనిపించింది. లెక్చరరు కారు దిగి నవ్వుతూ వస్తున్నాడు.

"బోనెట్ అడుగుతున్నా" అన్నాను, అందరికీ వినిపించేలా.

అందరూ మా చుట్టూ చేరారు. లెక్చరరు నవ్వు మానేశాడు. ఆ మాత్రానికే నాకు సగం గెలిచినట్టనిపించింది. "తప్పకుండానండీ. ముందు మీది కదా" అన్నాడు.

ఎత్తాను. అతను చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో పిల్లల నోటుబుక్కుల మీదికి వంగినట్టు వంగాడు. చాలాసేపు చూశాడు. ఫిల్టరు దగ్గరికి ముఖం పెట్టి వాసన చూశాడు.

"ఫిల్టరుకి నూనె ఎవరు పట్టించారండీ?" అన్నాడు.

"నేనే. ఏం?"

"నేను ముట్టుకోకూడదు. మీరే ఒకసారి ఆ పైపు ఊడదియ్యండి."

క్లిప్పు వదులు చేసి పైపు లాగాను. లోపల వేలు పెడితే వేలంతా ఎర్రగా వచ్చింది. నూనె ఫిల్టరు దాటి పైపులోకి కారింది. ఆ పైపులోనే ఒక చిన్న సెన్సరు ఉంటుంది. ఎంత గాలి వస్తోందో కొలిచి కంప్యూటరుకి చెప్పేది అదే. దాని మీద నూనె, నూనె మీద దుమ్ము, పేరుకుని పూత కట్టేసింది. పాపం అది వచ్చే గాలిని తక్కువగా కొలుస్తోంది. గాలి తక్కువుందని కంప్యూటరు డీజిల్ తగ్గించి పోస్తోంది. నాలుగు నెలలు కష్టపడి రాసిన ధైర్యాన్నంతా నేనే నా చేత్తో నూనెలో ముంచేశాను. మెకానిక్ నా గేటు దగ్గరికి పట్టుకొచ్చిన స్ప్రే డబ్బా దీన్ని కడగడానికేనని అప్పుడర్థమైంది.

ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? "మీది ఎత్తండి" అన్నాను.

ఎత్తాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. దొంగదేదైనా దొరకాలని దేవుణ్ణి వేడుకున్నాను, సిగ్గు లేకుండా. ఏమీ లేదు. హైదరాబాదువాడి పాత పనే, దుమ్ము కూడా కదలకుండా ఉంది. ఎప్పట్లాగే పరిగెత్తింది అతని కారు. వెనకబడింది నాదే.

"మరి ఆ మంగళవారం షెడ్డుకి ఎందుకెళ్ళారు?" అన్నాను.

లెక్చరరు ఒకసారి అందరి వంకా చూశాడు. జేబులో పెన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ ఫైలు కోసమేనండీ" అన్నాడు. "దాచడమెందుకు, అడిగా. డబ్బు గట్టిగానే ఇస్తానన్నా. అది అన్న ఫైలు, నేనివ్వలేనన్నాడు. కావాలంటే నా కారుకి మొదట్నించీ కొత్తగా చేసిపెడతానని వేరే కార్ల పని చూపించాడు. అది మీరు చూసుంటారు. నాకంత ఓపిక లేదని వచ్చేశా. వచ్చేటప్పుడు నేనడిగినట్టు ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నా. కాలేజీలో తెలిస్తే బాగోదు కదండీ. అతను మాటిచ్చాడు."

మళ్ళీ తనే, "గ్రూపులో మీరు రాసింది చూసినరోజే నేను చెప్పుండాల్సింది. చెప్పలేదు. తప్పు నాది కూడా" అన్నాడు.

అతని నవ్వు మీద రెండేళ్ళు అనుమానపడ్డాను. ఆ నవ్వులో ఏమీ లేదు. సిగ్గుపడాల్సినప్పుడు సిగ్గుపడటం కూడా అతనికి తెలుసు. నా ఫైలు మీద కన్నేసిన మాట నిజమే, అంతవరకూ నా అనుమానం తప్పు కాదు. కానీ నేను శిక్ష వేసింది అడిగినవాడికి కాదు, ఇవ్వనన్నవాడికి. ఇచ్చిన మాట కోసం నా గేటు దగ్గర నోరు మూసుకుని నిలబడ్డవాడికి. ఏడుపొచ్చినంత పనైంది నాకు, పదిమంది మగాళ్ళ మధ్య.

ఆ మధ్యాహ్నమే గ్రూపులో రాశాను. ఈసారి పొడుగ్గా రాశాను. తప్పంతా నాదేనని, నూనె నేనే ఎక్కువ పోశానని, అతను ఎవరి ఫైలూ ఎవరికీ ఇవ్వలేదని రాశాను. ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. తర్వాత ఒకడు "ఏంటన్నా, రాజీ అయిపోయారా?" అని పెట్టాడు. ఇంకొకడు "మరీ ఇంత మాట మార్చావంటే ఏదో ఉంది" అన్నాడు. వెంచర్లో నిలబడి లెక్చరరు మాటలు చెవులారా విన్నవాళ్ళు కూడా "ఏమో, ఇద్దరూ కలిసి కప్పిపుచ్చుతున్నారేమో" అన్నారట. ఎవర్నీ తిట్టలేను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే రాసుండేవాణ్ణి. ఆ రెండు ముక్కల మెసేజీ ఖమ్మం దాకా పోయింది. ఈ పొడుగుది నందిగామ కూడా దాటలేదు.

బుధవారం కొట్టు మూసి షెడ్డుకి వెళ్ళాను. ముందు రెండు ట్రాక్టర్లే ఉన్నాయి. కొత్త బోర్డు తీసి లోపల గోడకి వెనక్కి తిప్పి ఆనించి ఉంది. అతను ట్రాక్టరు కిందనుంచి బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుని, నాకు కుర్చీ జరిపాడు.

"తప్పైపోయింది. నన్ను క్షమించు. నీకేం మాట కావాలంటే ఆ మాట అను" అన్నాను.

"అనడానికేముందండీ" అన్నాడు. "కూర్చోండి."

నేను కూర్చోలేదు. కార్లు వచ్చేలా చూస్తానని, ఒక్కొక్కళ్ళ ఇంటికీ నేనే వెళ్ళి చెబుతానని ఏదేదో వాగాను. అతను అడ్డు చెప్పకుండా విన్నాడు. "ఒద్దండి. నా దగ్గర కారు పెట్టి ఇంటికెళ్ళి నిద్రపట్టనోళ్ళకి నేనెట్లా పని చెయ్యను? ట్రాక్టరోళ్ళు నయం, వాళ్ళకి ట్రాక్టరు నడిస్తే చాలు. ఇదే చేసుకుంటా" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపముంటే నాకు కాస్త ఊపిరాడేది.

తర్వాత చేతులు సబ్బు పెట్టి కడుక్కుని ల్యాప్‌టాప్ తెరిచాడు. ఒక పెన్‌డ్రైవ్ పెట్టి నా కారుకి సంబంధించిందంతా దానిలోకి ఎక్కించాడు. అది నా చేతిలో పెట్టి, తెర నా వైపు తిప్పాడు. నేను చూస్తుండగానే తన దగ్గరున్నదంతా చెరిపేశాడు. చెత్తబుట్టలోంచి కూడా తీసేసి, అది ఖాళీ అయినట్టు తెరిచి చూపించాడు.

"ఇక మీదేదీ నా దగ్గర లేదు. అందరి ఫైళ్ళలో ఆఖర్ది మీదే" అన్నాడు.

ఒద్దు, నీ దగ్గరే ఉంచు అందామనుకున్నాను. అయినా తీసుకుని వచ్చేశాను.

చిల్లకల్లు దాకా మనసంతా బరువుగానే ఉంది, అది అబద్ధం కాదు. అక్కడ పేట వైపు తిరుగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. వీడు నిజంగా ఆ ఫైలే ఎక్కించాడా? ఇంత జరిగాక కోపంలో వేరేదేదైనా పెట్టుంటే? నేను తెరిచి చూడలేదు కదా. ఆలోచన వచ్చినందుకు నా చెంప నేనే కొట్టుకోవాలనిపించింది. ఛీ, ఏం మనిషిని నేను అనుకున్నాను. కారు పక్కకి ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ ఆలోచన పోలేదు.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టాను. అంతా ఉంది. ఫైలు ఉంది. నాలుగు నెలల్లో మేము వెళ్ళివచ్చిన ప్రతి ఆదివారానికీ ఒక పేజీ ఉంది. ఇంజను అంకెల కింద అతని మాటలు. "అన్న ఇవాళ రెండో గేరులో ఆగాడు. బాగా వచ్చింది." "అన్న మనసు బాలేదు, గట్టిగా తొక్కుతున్నాడు. ఈ రోజు లెక్క పనికిరాదు." ఒక్క పేజీ తగ్గలేదు.

మా ఆవిడ వెనకొచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"చూసుకున్నారా?" అంది.

"చూసుకున్నా. అంతా ఉంది."

"మీరు వచ్చి చూసుకుంటారని ఆయనకి తెలుసులెండి" అంది. "అందుకే ఒక్కటి కూడా తగ్గకుండా ఇచ్చుంటాడు."

నేను ల్యాప్‌టాప్ మూసేశాను.